మద్రాసు బండికి మన నంబరు

ఇప్పుడు కారు కొనడానికి ఇల్లు కదలక్కర్లేదు. ఫోన్లో బొమ్మ చూస్తారు, ఫోన్లోనే బేరమాడతారు, ఫోన్లోనే డబ్బులు కొడతారు. పొద్దుగూకేసరికి బండి వాళ్లది. ఆ బండి వాళ్లదేనని సర్కారు చేత ఒప్పించడం మాత్రం వేరే కథ. పక్క రాష్ట్రం బండయితే ఇంకా పెద్ద కథ. బండి వయసు కొన్నవాడి వయసుకు రెట్టింపుంటే, ఆ కథ మొత్తం చెప్పడానికి నాలాంటి పనిలేని ముసలాడే కావాలి.

మా మనవడు చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. వాడి ఈడు పిల్లకాయలు అద్దాల్లోంచి ఆకాశం కనపడే కార్లు కొంటుంటే, వీడు పోయి పోయి ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాడు. 1970లో మద్రాసులో రిజిస్టరైన బండి. దాన్ని తెచ్చి నెల్లూరు జిల్లా జలదంకిలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టుకుంటాడట. చెన్నై అపార్ట్‌మెంటులో చోటు లేదు గదా. కొనేటప్పుడు నన్నడగలేదు. కాగితాల దగ్గర చిక్కు పడ్డాక మాత్రం "తాతా, మీ కాలంలో ఎట్టా చేసేవాళ్లు?" అని ఫోను.

హెరాల్డ్ అంటే ఈ కాలం వాళ్లకు తెలీదు. మద్రాసు శివారు వండలూరు దగ్గర స్టాండర్డ్ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఇంగ్లండు వాళ్ల ట్రయంఫ్ హెరాల్డును 1961 నుంచి అక్కడ తయారు చేశారు. 948 సీసీ ఇంజను. బానెట్టు ఒక్కటే లేవదు, ముందు మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా ముందుకు వంగుతుంది. మెకానిక్కు టైరు మీద కూర్చుని తాపీగా పని చేసుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల చోటుంటే చాలు, గిర్రున తిరిగొచ్చేస్తుంది. అంబాసిడర్ ముందుకీ వెనక్కీ కొట్టుకునే మా ఊరి సందు మలుపులో ఇది ఒక్క తిప్పుకు బయటపడేది. తర్వాత నాలుగు తలుపుల హెరాల్డు కూడా వచ్చింది. అది ఇంగ్లండు వాళ్లకు కూడా లేదు, మన దేశంలోనే చేశారు. అంబాసిడర్ బెంగాల్లోని ఉత్తరపారా నుంచి రావాలి, ఫియట్ బొంబాయి కుర్లా నుంచి రావాలి. మా నెల్లూరోళ్లకు పక్కింటి కారంటే హెరాల్డే.

పక్కిల్లు అని ఊరికే అనలేదు. మా నాయన తరానికి మద్రాసు ఇంకో రాష్ట్రం కాదు. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. మైలాపూరులో ప్లీడరు దగ్గర కొన్న కారు జలదంకికి వస్తే అది జిల్లా మారినట్టు, అంతే. రాష్ట్రం వేరయ్యాక కూడా మా వాళ్ల కాళ్లు అటే నడిచాయి. కంట్లో పొర వస్తే ఎగ్మూరు ఆసుపత్రి, మోటారు సామానుకు మౌంట్ రోడ్డు, అక్కడ దొరక్కపోతే పుదుపేట. పాత బండ్లు విప్పి బోల్టు బోల్టుగా అమ్మే పుదుపేటలో దొరకని సామాను ఇంగ్లండులో కూడా దొరకదని కావలి మెకానిక్కులు అనేవాళ్లు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణమిచ్చి సాధించిన రాష్ట్రం మనది, 2008లో మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. రెండు రాష్ట్రాల మధ్య గీసిన ఆ గీతను నేను తప్పుపట్టను. నా గొణుగుడంతా తడ దగ్గర ఆ గీత దాటిన బండికి పట్టే గతి గురించి.

మా రోజుల్లో కొత్త కారు దొరికేది కాదు. 1959 నుంచి కార్ల అమ్మకం మీద సర్కారు కంట్రోలు. డిపాజిట్టు కట్టి పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. కూతురి పెళ్లికని ఫియట్‌కు పేరు రాయిస్తే మనవరాలి బారసాలకు వచ్చిందని ఒకాయన గురించి చెప్పుకునేవాళ్లు. అందువల్ల డబ్బున్నోడికైనా పాత బండే గతి. పాత బండంటే మద్రాసు బండే. అక్కడ డాక్టర్లు, కంపెనీ మేనేజర్లు బండిని వంచకుండా వాడేవాళ్లు, మన మెట్ట రోడ్ల మీద తిరిగిన బండికీ దానికీ పోలికే లేదు.

1974లో మా ఊరి మోతుబరి ఒకాయన అంబాసిడర్ కొనడానికి పోతుంటే నన్నూ తోడు రమ్మన్నారు. నాకు నాలుగు తమిళం ముక్కలొస్తాయని. తీరా చూస్తే అమ్మే డాక్టరు గారు తెలుగాయనే. కాఫీలు ఇప్పించి, లోపలికి పోయి సీ బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషను పుస్తకం, తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఆ సీ బుక్కు గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మీ జేబులో ఉండే ప్లాస్టిక్ ముక్క కాదది. నలిగిపోయిన అట్ట, లోపల పేజీలు. మొదటి యజమాని పేరు, ఆయన తండ్రి పేరు, వీధి, పేట, తేదీ, అధికారి సంతకం, గుండ్రటి సీలు. దాని కింద రెండో యజమాని, వేరే సిరా, వేరే చేతిరాత. బ్యాంకులో తాకట్టు పెట్టిన రోజు, విడిపించిన రోజు. తెల్ల రంగు తీసేసి బూడిద రంగు వేయించిన సంగతి. బండి పుట్టినప్పట్నుంచి ఎవరింట్లో పెరిగిందో, ఎవరి చేతుల్లో నలిగిందో అంతా జాతకం రాసినట్టు అందులో ఉండేది. మోతుబరి గారు పేజీలు తిప్పి చూసి "ముగ్గురూ మర్యాదస్థులే, తీసుకుందాం" అన్నారు. ఇంజను మూత కూడా ఎత్తలేదు. ఆయన కొన్నది కారును కాదు, ఆ ముగ్గుర్ని.

ఇప్పటి కార్డు మీద ఒక్కడి పేరే ఉంటుంది, ఇప్పుడున్నవాడిది. వాడికి ముందు ఎవరు తోలారంటే ఎక్కడో సర్వర్లో ఉండాది చూసుకో పొమ్మంటారు. అందులోనూ లేకపోతే? అక్కడికే వస్తున్నా.

ఆ అంబాసిడర్ను ట్రంక్ రోడ్డు మీద తోలుకొచ్చాం. గుమ్మిడిపూండి, ఆరంబాకం, తడ. నాయుడుపేటలో రేడియేటరుకు నీళ్లు పోశాం. అద్దానికి మద్రాసు పన్ను టోకెన్ ఇంకా అంటించే ఉంది. ఆ రోజుల్లో మూడు నెలలకో, ఏడాదికో పన్ను కట్టి ఆ బిళ్ల అద్దానికి అంటించేవాళ్లు, రోడ్డు పక్క నిలబడ్డ వాడికి కూడా తెలిసేది నువ్వు పన్ను కట్టావో లేదో. తర్వాత పేరు మార్పు, మన రాష్ట్రం నంబరు. ఇవతలి ఆఫీసు అవతలి ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం పోయి జవాబు రావడానికి నెలలు పట్టింది, దాచను. చేతులు తడపాల్సిన చోట తడిపామని కూడా దాచను. కానీ చివరికి బ్రేకినస్పెక్టరు వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు తీసుకున్నాడు. కింద వంగి చూసి, "సముద్రం పక్కన తిరిగిన బండి సార్ ఇది, డోర్ల కింద రేకు తినేసుంటాది, వానల్లోపల అతుకు వేయించండి" అని చెప్పి సంతకం పెట్టాడు. నిజంగానే తినేసింది. కాగితం చూసే అధికారికి బండి కూడా తెలుసు, అదీ మా కాలం.

ఇప్పటి హెరాల్డుకు రండి. ఆర్సీలో పేరున్న పెద్దాయన పోయి చానా ఏళ్లయింది. అమ్మింది ఆయన కొడుకు. కాబట్టి ముందు బండి ఆ కొడుకు పేరు మీదికి రావాలి. దానికి 31వ నంబరు ఫారం, మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం. కొడుకు నుంచి మనవడి పేరు మీదికి రావడానికి 29, 30. రాష్ట్రం దాటుతుంది గనక అవతలి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం, ఎన్ఓసీ, అది 28. మూడు ప్రతులు, ఛాసిస్ నంబరు పెన్సిలు అచ్చుతో సహా. (ఆ పెన్సిలు ఒక్కటే మా రోజుల్నుంచి బతికి బట్టకట్టింది.) ఇవతలికి వచ్చాక కొత్త నంబరు కోసం 27. దీంతో నాకు పేచీ లేదు. దొంగ బండ్లు గీత దాటకూడదు గదా. ఆకురాయితో ఛాసిస్ నంబరు అరగదీసి ఇంకో నంబరు గుద్దిన జీపులు మా పడమటి కొండల కింద దర్జాగా మనుషుల్ని ఎక్కించుకుని తిరగడం నేను ఎరుగుదును. పోలీసు రికార్డు చూసి గానీ ఎన్ఓసీ ఇవ్వమని అంటే సరే అంటాను.

పేచీ ఎక్కడంటే, బండి కంప్యూటర్లో లేదు. కళ్ల ముందుంది, స్టార్టవుతుంది, హారను మోగుతుంది, కానీ లేదు. పాత రిజిస్టర్లలోంచి కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఇది తప్పిపోయింది. కౌంటరులో అబ్బాయి మంచోడే, మర్యాదగానే చెప్పాడు, "పుస్తకంలో ఉంటే సరిపోదు సార్, సిస్టంలో రావాల." దాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారట. అది ఎక్కించాలంటే అసలు రిజిస్టరు కావాలి. మద్రాసు పెరిగి పెరిగి, ఒక ఆఫీసు పదాఫీసులైంది. 1970 నాటి రిజిస్టరు ఎవరి వంతుకు పోయిందో తేల్చడమే ఒక పరిశోధన. ఆ ఆఫీసేదో నేను చెప్పను, ఏ ఆఫీసుకు పోయినా ఇదే కదా.

ఆ అబ్బాయికి ఇంకో అనుమానం. కొత్త బండ్లకు ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలుంటుంది. హెరాల్డుది అందులో సగం లేదు. "మిగతా నంబరు ఏది సార్?" అన్నాడట. మిగతా నంబరు వండలూరోళ్లు కొట్టలేదు నాయనా, వాళ్లకు అప్పుడు అంత అవసరం పడలేదు. ఆపైన ఓటీపీ. ఆర్సీ యజమాని ఫోనుకు పోవాలట. ఆయన కాలం చేసే నాటికి ఇంట్లో ఉన్నది నల్లటి డయలు ఫోను.

నేను ఊరుకోలేక 1988 మోటారు వాహనాల చట్టం పుస్తకం తెప్పించి చదివాను. పాత 1939 చట్టం తీసేసి 1989 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చింది ఇదే. అందులో 48వ సెక్షను చూడండి. ఎన్ఓసీకి దరఖాస్తు పెట్టాక ముప్ఫై రోజుల్లోపల ఇస్తామనో ఇవ్వమనో చెప్పకపోతే, ఇచ్చినట్టే లెక్క! ఎంత పెద్ద మనసు. 47వ సెక్షను ఇంకో మాటంటుంది: పక్క రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటేనే కొత్త నంబరు తీసుకోవాలి. చట్టం రాసినవాళ్లు మనుషుల్ని, బండ్లను చూసే రాశారు. ఆ పేజీకి గుర్తు పెట్టి మనవడికి పంపించి కౌంటరులో చూపించమన్నాను. "తాతా, ఇచ్చినట్టే లెక్క అనేదానికి సిస్టంలో బటను లేదంట" అన్నాడు. పార్లమెంటు ఒప్పుకున్న దానికి బటను లేదు!

ఇంతలో మా అల్లుడు కూడా తగులుకున్నాడు. వాడిది హైదరాబాదులో కొన్న ఏపీ 09 బండి. 2014లో రాష్ట్రం రెండయ్యాక అటువైపు కొత్త బండ్లకు టీఎస్ అన్నారు, 2024 నుంచి టీజీ అంటున్నారు. పాత బండ్లు ఏపీ అక్షరాలతోనే తిరుగుతున్నాయి. వాడు బండిని కావలికి మార్చుకోవాలంటే, నంబరు పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఏపీ అని ఉన్న బండికి ఆంధ్రప్రదేశ్‌లోకి రావడానికి ఎన్ఓసీ కావాలి. ఇది విని నేను నవ్విన నవ్వుకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

2021లో బీహెచ్ సిరీస్ అని తెచ్చారు. ఏ రాష్ట్రానికి మారినా నంబరు మార్చక్కర్లేదు. మంచిదే. కాకపోతే అది బదిలీలయ్యే ఉద్యోగస్థులకు. జలదంకి రైతుకు అందులో చోటు లేదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను రోడ్డెక్కనివ్వమన్నాక అక్కణ్ణుంచి చౌకగా కార్లు కొనుక్కొచ్చే బేరం మన వైపు కూడా పెరిగింది. వాటికీ ఇదే తతంగం. కొనేటప్పుడు మిగిలిన డబ్బు ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు కరుగుతుంది. అక్కడ కట్టిన పన్నులో వెనక్కి రావాల్సింది వెనక్కి తెచ్చుకోవాలి, ఇక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగించడానికి 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. ముసలితనానికి పింఛను ఇచ్చే సర్కారు బండి ముసలిదైతే మాత్రం జరిమానా వేస్తోంది.

నంబర్ల సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. 1989కి ముందు మూడక్షరాల నంబర్లు. ఎంఎస్‌తో మొదలైతే మద్రాసు బండని పసిపిల్లాడు కూడా చెప్పేవాడు. తర్వాత మా జిల్లాకు ఏపీ 26 వచ్చింది. హైదరాబాదు సిగ్నల్ దగ్గర ఏపీ 26 కనపడితే అద్దం దించి "ఏ ఊరబ్బా మీది?" అని పలకరించిన వాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీస్ పెట్టారు. శ్రీకాకుళం వాడా, మనవాడా తెలీదు. ఇక ఎవర్ని పలకరిస్తాం?

మనవడికి పట్టుకుంది కూడా ఆ నంబరు పిచ్చే. వాడు హెరాల్డును కొన్నది సగం ఆ ఎంఎస్ అక్షరాల కోసం. మామూలు పద్ధతిలో ఇక్కడ రిజిస్టరు చేయిస్తే ఆ నంబరు పోయి కొత్త సిరీస్ నంబరొస్తుంది. దానికొక దారి ఉందని వాడే కనుక్కొచ్చాడు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రూల్సు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండి వింటేజ్. అంతకుముందే రిజిస్టరై ఉంటే పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టరు చేయించేదైతే నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000, మళ్లీ చేయించుకుంటే 5,000, పదేళ్లు చెల్లుతుంది. మా వైపు అంబాసిడర్లలో సగానికి ఎప్పుడో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను ఎక్కించారు, అవి ఈ లెక్కలోకి రావు. మావాడి హెరాల్డులో మాత్రం వండలూరు ఇంజనే ఉంది.

బాగానే ఉంది గదా అనుకున్నాను, కింది గీత చదివేదాకా. వింటేజ్ బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, రిపేరుకు, పెట్రోలు పోయించుకోవడానికి, అంతే. అంటే బండికి ఆయుష్షు ఇచ్చి కాళ్లు కట్టేశారు. పట్నంలో ఆదివారం పూట ర్యాలీలు చేసుకునే వాళ్లకు అది సరిపోతుందేమో. జలదంకిలో ర్యాలీ ఎక్కడ చేస్తాం, చెరువు కట్ట మీదా?

ఇప్పుడు తాతకూ మనవడికీ అదే పోట్లాట. వాడేమో నంబరు కావాలంటాడు. తుడిచి, నూనె రాసి, షెడ్డులో పెట్టి, సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకుంటాడట. నేనేమో బండి అన్నాక తిరగాలంటాను. కొత్త నంబరైతే ఏం, కావలికి పోయి కూరగాయలు, మందులు తెచ్చుకోవచ్చు, పెళ్లిళ్లకు పోవచ్చు.

"తాతా, ఆ ఎంఎస్ నంబరు పోతే అది ఏ బండో ఎవరికి తెలస్తాది?"

"బానెట్టు ఎత్తి చూపిస్తే తెలస్తాది లేరా."

"రూల్లో వద్దన్నాక రోజూ తిప్పితే పట్టుకుంటారు."

"పెట్రోలుకు పోవచ్చంటివి గదరా అబ్బయ్యా. బంకు కావలిలోనే ఉండాది. పెట్రోలుకే పోతా. పక్కనే మార్కెట్టు ఉండాది, అది నా తప్పా?"

వాడు ఫోన్లో చాలాసేపు నవ్వి, "అయితే రోజూ ఒక లీటరే పోయించుకో" అన్నాడు. ఏ నంబరనేది ఇంకా తేలలేదు. అవతలి ఆఫీసులో ఆ రిజిస్టరు దొరికి, చచ్చిపోయినాయన కొడుకు పేరు ఎక్కి, ఎన్ఓసీ చేతికి వస్తే గదా. అందాకా హెరాల్డు చెన్నైలో ఎవరిదో సందులో టార్పాలిను కప్పుకుని ఉంది, పార్కింగు బాడుగ నెలనెలా మావాడే కడుతున్నాడు.